240 రూపాయల జేసీబీ, తెగిన టెండన్: పదహారు వారాల కేసు

చెయ్యి కోసుకుని మా దగ్గరికి వచ్చేవాళ్ళు ఎక్కువమంది "నరం తెగిందండీ" అనే మొదలుపెడతారు. మన వాడుకలో స్పర్శ తెలిసే నరమూ నరమే, కండకీ ఎముకకీ మధ్య తాడులా ఉండి వేలిని లాగే టెండనూ నరమే. చాలాసార్లు ఆ తేడా విడమర్చి చెప్పేసరికే మొదటి రోజు అయిపోతుంది. ఈ కేసులో మాత్రం ఆ మాట రెండు అర్థాల్లోనూ నిజం. కుడిచెయ్యి చూపుడు వేల్లో మధ్య కణుపుని వంచే పైటెండన్, కొనని వంచే లోటెండన్ రెండూ తెగాయి, బొటనవేలి వైపు నడిచే స్పర్శ నరమూ తెగింది. మధ్య వేల్లో లోటెండన్ ఒక్కటే తెగింది.

నేను గుంటూరులో హ్యాండ్ థెరపీ చేస్తాను. పేషెంటు జేసీబీ ఆపరేటర్, ముప్పై దాటిన మనిషి, కుడిచేతివాటం, అమరావతి పనుల్లో బండి నడుపుతారు. ఆయన ఒప్పుకున్నాకే ఇది రాస్తున్నాను, పేరూ ఊరూ రాయడం లేదు. క్యాబిన్ అద్దం అప్పటికే బీటలు వారి ఉంది, తలుపు వేస్తూ దాన్ని అరచేత్తో నెట్టారు, అద్దం లోపలికి దిగింది. ఆ రాత్రే ఆపరేషన్ అయింది, నాలుగో రోజుకి నా దగ్గరికి వచ్చారు. చేతి వెనక వైపు స్ప్లింట్ వేశాను, మణికట్టు దాదాపు నిటారుగా, వేళ్ళు మొదలు దగ్గర వంగి ఉండేలా. వేళ్ళు లోపలికి ముడుచుకోవచ్చు, వెనక్కి పూర్తిగా చాచడానికి మాత్రం స్ప్లింట్ ఒప్పుకోదు. కుట్టు మీద లాగుడు పడకుండా ఉండటానికే ఇదంతా.

గాయం అయిన చోటు మంచిది కాదు. అరచేతి మడత నుంచి వేలి మధ్య ఎముక దాకా ఉండే భాగాన్ని మేము జోన్ 2 అంటాం. అక్కడ రెండు టెండన్లూ ఒకే ఇరుకు గొట్టంలో ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ పోతాయి. కుట్టేసిన టెండన్ మానేటప్పుడు చుట్టుపక్కల దేనికి తగిలితే దానికి అతుక్కుంటుంది. అందుకే స్టెర్లింగ్ బన్నెల్ అనే అమెరికన్ సర్జన్ దీనికి 'ఎవరిదీ కాని నేల' అని పేరు పెట్టారు, అప్పట్లో సర్జన్లు అక్కడ వెంటనే కుట్టడానికే భయపడేవాళ్ళు. ఇప్పుడు కుడుతున్నారు, బాగా కుడుతున్నారు, కానీ అతుకుల బెడద పోలేదు. ఎక్కువ కదిలిస్తే కుట్టు తెగుతుంది, తక్కువ కదిలిస్తే టెండన్ అతుక్కుపోతుంది. మా పనంతా ఈ రెంటి మధ్యే.

ఆరో వారం చివర స్ప్లింట్ తీసి కొలిచాను. దీనికి 1980 నుంచి వాడుతున్న స్ట్రిక్‌ల్యాండ్ లెక్క ఒకటుంది. మధ్య కణుపు, చివరి కణుపు సొంతంగా ఎన్ని డిగ్రీలు ముడుచుకుంటాయో కలిపి, చాచినప్పుడు ఎంత తక్కువ పడిందో తీసేసి, 175తో భాగించి శాతంలో చెప్తాం. 85 దాటితే చాలా బాగు, 70 దాటితే బాగు, 50 నుంచి 69 దాకా ఓ మాదిరి, అంతకన్నా తక్కువైతే బాగాలేదని అర్థం. చూపుడు వేలు మధ్య కణుపు 65, చివరి కణుపు 10, చాచడంలో లోటు 15, అంటే 34 శాతం. మధ్య వేలు 63 శాతం. చూపుడు వేలు చివరి కణుపుని నేను చేత్తో వంచితే హాయిగా వంగుతోంది, ఆయన వంచితే వంగడం లేదు. కీలు బిగుసుకోలేదు, టెండన్ అతుక్కుంది.

ఎందుకు అతుక్కుందో నాకు కొంత అర్థమైంది, కాస్త ఆలస్యంగా. ఇంటి దగ్గర చెయ్యాల్సిన వ్యాయామాలకి కాగితం మీద గడులు గీసిస్తాను, చేసినప్పుడల్లా టిక్కు పెట్టాలి. ఆయన కాగితం నిండా టిక్కులే. ఆ రోజు మళ్ళీ చూస్తే వారం రోజుల టిక్కులూ ఒకే పెన్నుతో, ఒకే వాలులో, ఒకే చోట కూర్చుని గీసినట్టు ఉన్నాయి. అడిగితే దాచలేదు. "పది సార్లు వంచు, పది సార్లు చాచు, ఏం పని మేడమ్ అది? ఖాళీ చెయ్యి గాల్లో ఆడించాలంటే నాకు రాదు" అన్నారు. వేలు మళ్ళీ తెగుద్దేమోనన్న భయం కూడా ఉంది, అది పైకి చెప్పలేదు, వాళ్ళావిడ చెప్పింది.

బొమ్మ సంగతి కూడా ఆ రోజే వచ్చింది. బడికి సెలవని ఆరేళ్ళ కొడుకుని వెంట తెచ్చారు. వస్తూ వస్తూ పట్నంబజార్‌లో వాడికి ఓ చిన్న డబ్బా కొనిపెట్టారట, పసుపు నలుపు బ్రిక్కులతో కట్టుకునే బండి, 240 రూపాయలు, ముక్కలు నూట ముప్పై చిల్లర. వాడికి ఇంటికెళ్ళేదాకా ఓపిక ఎక్కడిది, నాన్న చేతికిచ్చి తెరవమన్నాడు. నేను పక్క పేషెంటుకి కట్టు విప్పుతూ ఓ కంట చూస్తున్నాను. లోపలి కవరుని ఆయన బొటనవేలు, మధ్య వేలు కలిపి పట్టుకుని చింపారు. చూపుడు వేలు మాత్రం ఆ పనితో సంబంధం లేనట్టు కర్రలా పైకి లేచి ఉంది. చొక్కా గుండీ అయినా, ఫోన్ అయినా ఇదే తీరు. స్పర్శ లేని, సరిగ్గా వంగని చూపుడు వేలిని మెదడు త్వరగా పక్కన పెట్టేస్తుంది, మధ్య వేలితో సర్దుకుపోతుంది. మేము ముందే అడ్డుకోకపోతే అది అలవాటై కూర్చుంటుంది, ఆ తర్వాత వేలు వంగినా వాడరు.

ఈలోగా ఆయన డబ్బా మీది బొమ్మ చూసి, "ఇది ఎక్స్‌కవేటర్ కాదు మేడమ్, పేరు తప్పేశారు. ముందు లోడరు, వెనక బకెట్, ఇది బ్యాక్‌హో. ఎక్స్‌కవేటర్‌కి గొలుసులుంటయ్, పైభాగం చుట్టూ తిరుగుద్ది" అన్నారు. ఆరు వారాల్లో ఆయన నాతో ఆపకుండా మాట్లాడింది అదే మొదటిసారి. ఆ మాటల్లోనే, 2024 సెప్టెంబర్ వరదల్లో ఖమ్మం మున్నేరు వంతెన మీద చిక్కుకున్న తొమ్మిది మందిని జేసీబీ వేసుకెళ్ళి తెచ్చిన డ్రైవర్ గురించి చెప్పారు, ఆ నీళ్ళలో బండిని ఎలా నిలబెట్టుకుని ఉంటాడో ఎడంచేత్తో చూపిస్తూ. అప్పుడు నాకనిపించింది, వేళ్ళ వ్యాయామానికి మేము వాడే పుట్టీ ముద్దా, చెక్క మేకులూ పక్కన పెట్టి ఇదే వాడదామని. ఆయన చేతికి తెలిసిన వస్తువు ఇది.

అయితే బొమ్మే కదా అని ఇచ్చెయ్యడానికి లేదు. ఆరో వారంలో టెండన్‌కి ఇంకా పూర్తి బలం రాదు, బరువు పనులకి పన్నెండు వారాలు ఆగాలి. బ్రిక్కులతో చేసే పనులన్నీ ఒకే బరువు కాదు, దాన్ని విడదీసి చూసుకోవాలి. ముక్కని ఏరి తియ్యడం తేలిక. ముక్కని ముక్క మీద నొక్కి కూర్చోబెట్టడం మరోటి, వేలి కొనతో నొక్కినప్పుడు చివరి కణుపు వెనక్కి విరగబోతుంది, దాన్ని విరగనీకుండా పట్టి ఉంచేది లోటెండనే. అన్నిటికన్నా బరువైనది ఊడదీయడం. రెండు పల్చటి ప్లేట్లు అతుక్కుంటే గోళ్ళతో, వేలి కొనలతో పట్టి లాగుతాం కదా, అప్పుడు కొన దగ్గర పెట్టే బలానికి ఎన్నో రెట్లు టెండన్ మీద పడుతుంది, మీట తిరగబడితే ఎలా ఉంటుందో అలా.

ఇంకో చిక్కు ముక్కలదే. ఈ బ్రిక్కుల కొలతలు డెన్మార్క్ లెగో కంపెనీవి, 1958 జనవరి 28న గాట్‌ఫ్రెడ్ కిర్క్ క్రిస్టియన్‌సన్ పేటెంట్‌కి దరఖాస్తు పెట్టిన అమరికే ఇప్పటికీ నడుస్తోంది. బొడిపెకీ బొడిపెకీ మధ్య 8 మి.మీ., బ్రిక్కు ఎత్తు 9.6, పల్చటి ప్లేట్ అందులో మూడో వంతు, 3.2 మి.మీ., బొడిపె అడ్డం 4.8. పై ముక్క అడుగున ఉండే గొట్టానికీ గోడకీ మధ్య ఈ బొడిపె ఇరుక్కుంటుంది, ప్లాస్టిక్ వెంట్రుకవాసి సాగి మళ్ళీ బిగుస్తుంది, పట్టంతా అదే. లెగో వాళ్ళు అచ్చుల్ని మైక్రాన్ల లెక్కలో చూసుకుంటారు. చవక సెట్లలో అంత పట్టింపు ఉండదు, ఒక ముక్క వదులు, ఇంకో ముక్క కొండబిగుతు. పిల్లాడికి అది చిరాకు మాత్రమే, నా పేషెంటుకి ప్రమాదం.

అందుకే మా వంటింటి డిజిటల్ కాటా తెచ్చాను. అడుగు ముక్కని కాటా మీద పెట్టి, పై ముక్కని నేనే నిదానంగా నొక్కుతూ, టిక్కుమని కూర్చునే క్షణంలో ఎంత చూపిస్తుందో చూశాను. రెండు బొడిపెల వదులు ముక్కలు కిలోలోపే కూర్చున్నాయి. ఎనిమిది బొడిపెల పసుపు బ్రిక్కులు కొన్ని మూడు కిలోలు, రెండు నల్ల ప్లేట్లు నాలుగు దాటాయి. ఒకే రకం ముక్కల మధ్యే ఇంత తేడా. ముక్కల్ని మూడు గిన్నెల్లో వేశాను, కిలోలోపువి, రెండున్నర దాకావి, ఆ పైవి. మూడో గిన్నె నా దగ్గరే ఉంచుకున్నాను. గంట పట్టింది, కానీ ఈ కేసులో నేను పెట్టిన గంటల్లో బాగా ఉపయోగపడ్డది అదే. చవక సెట్ వాడాలనుకునే థెరపిస్టులు ఈ ఒక్కటీ తప్పకుండా చెయ్యండి.

ఇంట్లో ఏడాదిన్నర పాప కూడా ఉంది. మూడేళ్ళ లోపు పిల్లలకి ఇలాంటి చిన్న ముక్కలు అస్సలు అందకూడదు. బొమ్మల పరీక్షలో 31.7 మి.మీ. అడ్డం ఉన్న ఒక గొట్టం వాడతారు, దాంట్లో పూర్తిగా పట్టే ముక్క ఏదైనా గొంతుకి అడ్డం పడేదే. మన సెట్‌లో ముక్కలు దాదాపు అన్నీ అంతే. డబ్బా మీద ఐఎస్‌ఐ మార్కు ఉందో లేదో ముందే చూశాను, 2021 జనవరి 1 నుంచి మన దేశంలో అమ్మే బొమ్మలకి అది తప్పనిసరి. ఇంటి దగ్గర ఎత్తు బల్ల మీద, స్టీలు తాంబాళంలో పెట్టుకుని చెయ్యమన్నాను. అంచు ఉంటుంది కాబట్టి ముక్క దొర్లదు, పడితే చప్పుడవుతుంది. లేచేటప్పుడు లెక్క పెట్టడం కొడుకు పని. వాడు ఒక్క రోజు కూడా మానలేదని వాళ్ళమ్మ చెప్పింది.

మొదట్లో కట్టడం లేదు, ఏరడమే. రంగులవారీగా, సైజులవారీగా ఏరి కొడుక్కి అందించాలి, కట్టేది వాడు. ఒక్కటే నియమం, చూపుడు వేలు, బొటనవేలు మాత్రమే వాడాలి. మొదటి రోజు ఒక బొడిపె ముక్క పట్టుకోవడానికి పదిసార్లు జార్చుకున్నారు. తాంబాళంలో టంగున పడేది, కొడుకు నవ్వేవాడు, మళ్ళీ తీసేవారు. వేలు మొద్దుబారి ఉంది, ముక్క చేతిలో ఉందో లేదో చూస్తే గాని తెలియదు. చూపు పక్కకి తిప్పితే ముక్క జారిపోయేది.

బొమ్మ పని మొదలుపెట్టిన రెండో వారానికి కష్టం వచ్చింది. గాయం అయి ఏడున్నర వారాలు. రాత్రి కొడుకు ఒక మెట్టు తప్పు కట్టాడు, క్యాబిన్ కింద ప్లేట్ ఒక గడి వెనక్కి పడింది, వాడికి ఊడదీయడం రాలేదు, ఏడుపు మొదలుపెట్టాడు. ఈయన తీసుకుని గోటితో పట్టి లాగారు. అరచేతిలో 'టక్' మంది. నొప్పి కన్నా ఎక్కువ భయపడ్డారు, పొద్దున్నే మొదటి బస్సుకి వచ్చేశారు, మొహం పాలిపోయి ఉంది.

తప్పు నాది. నొక్కొద్దని చెప్పాను, బిగుతు ముక్కలు తీసేశాను, ఊడదీయడం గురించి మాత్రం ఒక్క ముక్క చెప్పలేదు. పైగా నేను కొలిచింది నొక్కే బలం, ఊడదీసే బలం కాదు. నొక్కినప్పుడు వదులుగా అనిపించిన పల్చటి ప్లేట్లే ఊడదీయడానికి మొండికేస్తాయి, పట్టుకోవడానికి అంచు ఉండదు కదా.

వేలు మధ్య కణుపుని కదలకుండా పట్టుకుని, కొన వంచమన్నాను. వంగింది. తక్కువే, కానీ వంగింది. లోటెండన్ తెగి ఉంటే ఆ కొన అస్సలు కదలదు. ఆ క్షణంలో నా గుండె కుదుటపడింది. అయినా ఆపరేషన్ చేసిన సర్జన్ దగ్గరికి పంపాను, ఆయన స్కాన్ తీసి టెండన్ బాగానే ఉందన్నారు. ఆ చప్పుడు అతుకు ఒకటి వదిలిందో, లేక ముక్కే ఊడిందో నేను చెప్పలేను. నాలుగు రోజులు పని ఆపి, రాత్రుళ్ళు స్ప్లింట్ మళ్ళీ వేశాను. ఆ తర్వాత నియమం మార్చాం, పదో వారం దాకా ఊడదీసేది వాళ్ళావిడ. ఆమెకి ఒక ఉపాయం చూపించాను. పొడుగాటి ప్లేట్ ఒకటి తీసుకుని దాని చివర రెండు బొడిపెల్ని ఇరుక్కున్న ప్లేట్ మీద ఎక్కించి, రెండో చివర పట్టుకుని మీటలా పైకి ఎత్తితే బలం పెద్దగా అక్కర్లేదు. ఖరీదైన సెట్లలో దీనికి వేరే పనిముట్టే ఇస్తారు, దీంట్లో లేదు.

ఎనిమిదో వారం నుంచి నొక్కడం మొదలైంది, మొదటి గిన్నె ముక్కలతోనే, బల్ల మీద ఆనించి. నేను పట్టుబట్టింది ఒక్కటే, నొక్కేటప్పుడు చివరి కణుపు కాస్త వంగే ఉండాలి, వెనక్కి విరగకూడదు. ఆయనకి ఇది చెప్తే ఎక్కలేదు, "మీ బకెట్ పళ్ళు నేలలోకి ఎలా దిగుతాయి, వెనక్కి మడిచి దించుతారా?" అని అడిగితే వెంటనే ఎక్కింది. మధ్య వేలు దొంగచాటుగా సాయం రావడం ఆగలేదు గనక, పని చేసేటప్పుడు దాన్ని ఉంగరపు వేలికి కలిపి టేప్ వేశాను. అప్పుడు చూపుడు వేలికి తప్పించుకునే దారి లేకపోయింది.

స్పర్శకి ఇదే డబ్బా పనికొచ్చింది. కుట్టిన నరం రోజుకి సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున కొన వైపు పెరుగుతుంది. వేలి కొనకి చేరినంత మాత్రాన అయిపోదు, వచ్చిన కబురేంటో మెదడు మళ్ళీ నేర్చుకోవాలి. బియ్యం గిన్నెలో పది ముక్కలు వేసి, కళ్ళు మూసుకుని చూపుడు వేలితో తడిమి ఒక బొడిపె ముక్కా, రెండు బొడిపెలదా, నున్నటిదా చెప్పాలి. చెప్పి, కళ్ళు తెరిచి చూసి, మళ్ళీ కళ్ళు మూసుకుని తడమాలి. ఆ మూడో తడుముడే అసలైనది, చూసిన దాన్నీ తాకిన దాన్నీ మెదడు అప్పుడు కలుపుకుంటుంది. తొమ్మిదో వారంలో పదికి రెండు, మూడు సరిగ్గా చెప్పేవారు. పదమూడో వారంలో ఎనిమిది.

పదో వారంలో కొలిస్తే చూపుడు వేలు 55 శాతం. రెండో గిన్నె ఇచ్చాను. మొత్తం బండి ఊడదీసి, పుస్తకం చూసి మొదటి నుంచి ఆయనే కట్టాలి. పుస్తకంలో మాటలేవీ ఉండవు, బొమ్మలే, ఎక్కడ ఏ ముక్క కొత్తగా వచ్చిందో వెనక బొమ్మతో పోల్చి పట్టుకోవాలి. అచ్చు సరిగ్గా పడక నలుపూ ముదురు బూడిద రంగూ ఒకేలా ఉన్నాయి, పదిహేడో మెట్టు దగ్గర ఇద్దరం అరగంట తిప్పలు పడ్డాం.

కట్టడం పూర్తయ్యాక ఆయన బండిని బల్ల మీద పెట్టి చాలాసేపు చూశారు. "వెనక చెయ్యి తప్పు మేడమ్" అన్నారు. అసలు బండిలో బూమ్, దాని చివర డిప్పర్, దాని చివర బకెట్, మూడు కీళ్ళు. ఈ బొమ్మలో డిప్పర్, బకెట్ ఒకే ముక్క, రెండు కీళ్ళే ఉన్నాయి. "ఇట్టా ఉంటే బకెట్ మడతపడదు, మట్టి ఎత్తంగానే కిందకి జారిపోద్ది." ఆ మాట అంటూ ఆయన తన చూపుడు వేలు చూపించారు. మొదలు బూమ్, మధ్య కణుపు డిప్పర్, కొన బకెట్. ఆ వేలికీ ఇప్పుడు రెండు కీళ్ళే పనిచేస్తున్నాయి, కొన మడతపడటం లేదు, అందుకే ముక్కలు జారుతున్నాయి. ఇరవై ఏళ్ళలో నేను గోడ మీది పటం చూపించి చెప్పిన వివరాల్లో ఇంత సూటిగా ఉన్నది ఒక్కటీ లేదు. అప్పటి నుంచి వ్యాయామం పేరు మార్చాం. మధ్య కణుపుని ఎడంచేత్తో పట్టి కొన మాత్రం వంచడాన్ని మేము బ్లాకింగ్ అంటాం. ఆయనకి అది 'బకెట్ మడవడం'. కాగితం మీద టిక్కులు అడగలేదు. చెయ్యమని గుర్తు చెయ్యాల్సిన పనీ లేకపోయింది, కొడుకే "నాన్నా, బకెట్" అనేవాడట.

తర్వాతి వారం మూడో కీలు ఆయనే పెట్టారు. మిగిలిన ముక్కల్లో చిన్న కొక్కెం ముక్కా, కడ్డీ ముక్కా ఉంటే వాటితో బకెట్‌ని విడిగా తిరిగేలా చేశారు. ఆ కడ్డీ 3.2 మి.మీ. లావు ఉంటుంది, దాన్ని కొక్కెంలోకి నెట్టడానికి వేలి కొన, గోరు రెండూ పనిచెయ్యాలి, బొమ్మ మొత్తంలో చూపుడు వేలికి బాగా కష్టమైన పని అదే. ఏడుసార్లు జారింది, నేను ఆపబోతే ఊరుకోమన్నట్టు ఎడంచెయ్యి ఎత్తారు. ఆ తర్వాత వెనక రెండు పక్కలా రెండేసి ముక్కలతో కాళ్ళు తగిలించారు, బండిని నేలకి ఆనించేవి, ఆయన జాకీలంటారు. "జాకీలు దించకుండా వెనక బకెట్ ఆడిస్తే బండి ఊగుద్ది మేడమ్. కొత్త కుర్రోళ్ళు చేసే తప్పు అదే. వీడికి ఇప్పుడే తెలియాల" అని కొడుకు వైపు చూశారు. వాడు పెద్దయ్యాక బండే నడుపుతాడా అని అడిగితే మాత్రం జవాబు చెప్పలేదు.

పన్నెండో వారంలో పిడికిలి బలం మొదటిసారి కొలిచాను, అంతకుముందు కొలవకూడదు, కొలవడమే బరువు పని. కుడి 17 కిలోలు, ఎడమ 42. నా దగ్గర దాచిన మూడో గిన్నె అప్పుడిచ్చాను.

పద్నాలుగో వారంలో వచ్చినప్పుడు చొక్కా జేబులోంచి రెండు నల్ల ప్లేట్లు తీసి బల్ల మీద పెట్టారు, గట్టిగా అతుక్కుని ఉన్నాయి. మూడో గిన్నెలోవి, నాలుగు కిలోలు దాటినవి. బస్సులో నొక్కి తెచ్చారట. నా ఎదురుగా చూపుడు వేలి గోరు అంచులోకి దించి, కొన వంచి, బొటనవేలు ఆనించి తీశారు. ఊడేటప్పుడు టక్కుమంది, ఇద్దరం ఒకరినొకరు చూసుకున్నాం.

ఆ రోజు లెక్కలు ఇవి. చూపుడు వేలు మధ్య కణుపు 90, చివరిది 40, లోటు 10, అంటే 69 శాతం. 'బాగు' అనడానికి ఒక్క శాతం తక్కువ, 'ఓ మాదిరి' కిందే రాశాను. మధ్య వేలు 83. తొమ్మిది మేకుల్ని రంధ్రాల్లో పెట్టి తీసే పరీక్ష ఏడో వారంలో 41 సెకన్లు పట్టింది, ఇప్పుడు 24. స్పర్శకి మేము గుచ్చి చూసే సన్నటి నైలాన్ తీగల్లో, ఏడో వారంలో 4.56 నంబరు (నంబరు పెరిగితే తీగ లావు) తగిలితే గాని తెలియలేదు, ఇప్పుడు 3.61 తెలుస్తోంది, మామూలు వేలికి 2.83 తెలియాలి.

ఇందులో బొమ్మ వాటా ఎంతో విడదీసి చెప్పలేను. వేడి కాపడం, మచ్చ మీద మర్దన, టెండన్ జారుడు వ్యాయామాలు అన్నీ పక్కనే నడిచాయి, ఒక్క పేషెంటు మీద చూసిందీ ఇది. పిల్లల్లో బ్రిక్కులతో థెరపీ అని ఒకటుంది, డేనియల్ లెగాఫ్ 2004లో ఆటిజం పిల్లల కలివిడితనం గురించి రాసింది, దానికీ దీనికీ పోలిక లేదు. నేను గట్టిగా చెప్పగలిగింది ఆ కాగితం మీది టిక్కుల గురించే. ఆరు వారాలు ఖాళీగా ఉన్న చెయ్యి, ఆ తర్వాత రోజుకి గంటన్నర పని చేసింది, నేను చెప్పకుండానే.

పదహారో వారంలో ఆయన బండెక్కారు, ముందు పూటకి రెండు గంటలే. చూపుడు వేలు ఇంకా అరచేతికి ఆనడం లేదు, కొనకీ అరచేతికీ మధ్య సందు ఉంది, లివర్ గుండు అందులో ఆడుతుంది. ఆటోనగర్‌లో ఎవరో చెప్పారని సైకిల్ హ్యాండిల్‌కి వేసే రబ్బరు తొడుగు కోసి లివర్‌కి తొడిగించుకున్నారు, లావైంది కాబట్టి పట్టు కుదిరింది. పొద్దున చలికి వేలి కొన తిమ్మిరెక్కుతోందట, ఉన్ని తొడుగు ఇచ్చాను. అతుకులు విడదీసే ఆపరేషన్ గురించి సర్జన్ మాట ఎత్తారు, కానీ రెండు, మూడు నెలలు కొలతలు కదలకుండా ఆగిపోయాకే అది ఆలోచించాలి. ఈయన వేలు ఇంకా కదులుతోంది, పోయిన వారం చివరి కణుపు 42 చూపించింది. వచ్చే నెల మళ్ళీ కొలుస్తాను.